నగరం రోడ్లు ఎంత కలుస్తున్నాయో లెక్క తేల్చడం ఎలా?

వెనక గోడ అవతలే బడి కనిపిస్తూ ఉంటుంది, కానీ అక్కడికి చేరాలంటే వీధి చివరిదాకా వచ్చి, గేటు దాటి, మెయిన్ రోడ్డెక్కి, ఇంకో గేటులోంచి మళ్లీ లోపలికి రావాలి. 200 మీటర్ల దూరం కాస్తా 900 మీటర్లవుతుంది. నగరాలు అడ్డూ అదుపూ లేకుండా పాకిపోతున్నాయని అన్నప్పుడు చాలామంది చూసేది జనసాంద్రత, లేదంటే నగరం ఎన్ని చదరపు కిలోమీటర్లకి పెరిగిందన్నది. అవీ కావాల్సినవే. కానీ నన్నడిగితే అంతకన్నా ముందు చూడాల్సింది రోడ్లు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా లేదా అన్నది, ఎందుకంటే ఇల్లు కూల్చి అపార్ట్‌మెంట్ కట్టొచ్చు, బస్సు రూటు మార్చొచ్చు, ఖాళీ స్థలం నింపొచ్చు, కానీ ఒకసారి వీధి వేసి దానికి రెండు పక్కలా స్థలాలు అమ్మేశాక ఆ గీతని కదపడం దాదాపు ఎవరివల్లా కాదు.

దీన్ని కొలవడానికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ఆన్‌లైన్ మ్యాప్ తెరిచి, ఓ ప్రింట్ తీసుకుని, రెండు రంగుల పెన్నులు పెట్టుకుంటే ఓ సాయంత్రంలో అయిపోతుంది.

ముందు ముక్క ఎంచుకోండి

నగరం మొత్తానికి ఒకే సగటు తీయకండి. పాత పేటల్లో రోడ్లు బాగానే కలిసి ఉంటాయి, శివార్లలో కొత్తగా వేసినవాటిలో తెగిపోయి ఉంటాయి, రెండూ కలిపితే ఫర్వాలేదు అనిపించే అంకె ఒకటి వచ్చి అసలు సంగతి దాక్కుంటుంది. ఒక కిలోమీటరు పొడవు, ఒక కిలోమీటరు వెడల్పు ఉన్న చదరాలు రెండు తీసుకోండి: ఒకటి పాతది, ఒకటి ఈ పదిహేను ఇరవై ఏళ్లలో వచ్చింది. ఏది ఎప్పటిదో తెలియకపోతే గూగుల్ ఎర్త్‌లో పాత ఉపగ్రహ చిత్రాలు వెనక్కి జరుపుతూ చూడొచ్చు.

అమెరికా మీద క్రిస్టఫర్ బారింగ్టన్-లీ, ఆడమ్ మిల్లార్డ్-బాల్ అనే పరిశోధకులు 2015లో వేసిన లెక్కలోనూ కీలకం ఇదే, ఏ కాలంలో వేసిన వీధులని ఆ కాలం కింద విడిగా చూడటం. అలా చూస్తేనే అక్కడ కొత్త వీధుల తెగుడు 1994 ప్రాంతంలో పతాక స్థాయికి చేరి ఆ తర్వాత తగ్గుముఖం పట్టిందని తేలింది. మొత్తం సగటులో ఈ మలుపు ఇంత స్పష్టంగా కనపడేది కాదు.

కూడళ్లు లెక్కపెట్టండి

చదరంలో ప్రతి కూడలి దగ్గరా ఎన్ని రోడ్లు కలుస్తున్నాయో రాసుకోండి. నాలుగు రోడ్ల జంక్షన్ అయితే 4, టీ జంక్షన్ అయితే 3, ముందుకు దారిలేక ఆగిపోయిన సందు చివర అయితే 1. రోడ్డు ఊరికే మలుపు తిరిగిన చోటు కూడలి కాదు, దాన్ని వదిలేయండి. చదరం అంచు దగ్గర మీ గీత కోసేసిన రోడ్డు కూడా మూసుకుపోయిన సందు కాదు. తొందరలో అలా రాసేస్తే లెక్కంతా చెడుతుంది.

ఉదాహరణకి ఒక కొత్త లేఅవుట్‌లో మూసుకుపోయినవి 10, టీ జంక్షన్లు 14, నాలుగు రోడ్లవి 4 వచ్చాయనుకుందాం. మొత్తం 28 కూడళ్లు. కలిసే రోడ్లు 10 + 42 + 16, అంటే 68. దీన్ని 28తో భాగిస్తే 2.43. కూడలికి సగటున ఇన్ని రోడ్లు కలుస్తున్నాయన్నమాట. అన్ని వీధులూ అడ్డంగా నిలువుగా కోసుకునే పక్కా గళ్ల నగరంలో ఇది 4కి దగ్గరగా ఉంటుంది. 28లో 10 మూసుకుపోయాయి కాబట్టి వాటి వాటా దాదాపు 36 శాతం, ఇదీ పక్కన రాసుకోండి.

ప్లానింగ్ వాళ్లు లింక్-నోడ్ రేషియో అని ఒకటి చెబుతారు, అంటే రోడ్డుముక్కల సంఖ్యని కూడళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది, కనీసం 1.4 ఉండాలంటారు. ప్రతి రోడ్డుముక్కకీ రెండు చివరలుంటాయి కాబట్టి అది మీ సగటులో సగమే, మన ఉదాహరణలో 34 ముక్కలు, 28 కూడళ్లు, 1.21. రెండూ ఒకటే అంకె, రెండు రుజువులుగా చూపించకండి.

ఒక చదరపు కిలోమీటరుకి ఎన్ని కూడళ్లు అన్నది మాత్రం వేరే విషయం. బార్సిలోనాలో ఇల్డెఫోన్స్ సెర్దా 1859లో గీసిన ఎషాంప్లా అనే పేటలో బ్లాకు పొడవు దాదాపు 113 మీటర్లు, అమెరికాలోని పోర్ట్‌లాండ్ నడిబొడ్డున 61 మీటర్లు. రెండూ గళ్లే, రెండింటిలోనూ సగటు 4కి దగ్గరే. కానీ వీధి వెడల్పు కూడా కలుపుకుని చూస్తే మొదటి దాంట్లో చదరపు కిలోమీటరుకి సుమారు 57 కూడళ్లు పడతాయి, రెండో దాంట్లో 150 దాకా. అంటే గళ్లు ఎంత చిన్నవో ఒకటి చెబుతుంది, రోడ్లు ఎంత కలిశాయో ఇంకోటి చెబుతుంది.

ఒక రోడ్డు మూస్తే ఎవరు చిక్కుకుపోతారు?

నాకు అన్నిటికన్నా నచ్చే పరీక్ష ఇది. ప్రతి రోడ్డుముక్క మీద వేలు పెట్టి, ఇది తవ్వి మూసేస్తే అవతలివాళ్లకి బయటికి రావడానికి ఇంకో దారుందా అని చూడండి. లేకపోతే దాని మీద ఎర్రగీత గీయండి. పాత పేటలో ఎర్రవి అక్కడక్కడ పొట్టిగా కనిపిస్తాయి, కొత్త లేఅవుట్‌లో అయితే ఒక్కోసారి మెయిన్ రోడ్డు నుంచి మొదలై చెట్టు కొమ్మల్లా చీలుతూ లోపలంతా ఎర్రబడిపోతుంది. ఎర్ర రోడ్ల పొడవుని మొత్తం పొడవుతో భాగిస్తే వచ్చే వాటా, సగటు సంఖ్య ఒక్కటే చూస్తే తెలియనిది చెబుతుంది. లోపల చిన్న చిన్న చుట్లున్నా బయటికి దారి ఒక్కటే ఉన్న కాలనీ ఇక్కడ పట్టుబడుతుంది.

చుట్టు ఎంతో చూడండి

ఇళ్లు, బడి, బస్టాపు, ఇలా ఓ పది జతల చోట్లు తీసుకుని, ఒక్కో జతకి నడిచే దూరాన్ని సూటి దూరంతో భాగించండి. మొదట చెప్పిన బడికి 900ని 200తో భాగిస్తే 4.5. మంచి అంకె అంటే 1 అనుకోకండి, పక్షులకే అది సాధ్యం. పక్కా గళ్ల నగరంలో కూడా అన్ని దిక్కులకీ సగటు తీస్తే సుమారు 1.27, మరీ ఐమూలగా వెళ్తే 1.41 వస్తుంది. 1.5 దాకా ఫర్వాలేదు, 2 దాటితే జనం బండి తీస్తారు. దగ్గర చోట్లనే ఎంచుకోండి, ఐదు కిలోమీటర్ల ప్రయాణంలో చివరి చుట్టు కలిసిపోయి కనపడదు.

కంప్యూటర్‌తో చేస్తే

చదరాలు ఎక్కువైతే చేత్తో కష్టం. జెఫ్ బోయింగ్ రాసిన ఓఎస్ఎమ్ఎన్ఎక్స్ అనే పైథాన్ టూల్ మ్యాప్ డేటాని దించుకుని ఈ సంఖ్యల్లో చాలావరకు ఇచ్చేస్తుంది. కాకపోతే అది సర్క్యూటీ పేరుతో ఇచ్చే సగటు ఒక్కో రోడ్డుముక్క ఎంత వంకర పోయిందో చెబుతుందే తప్ప మీ బడి ప్రయాణం ఎంత చుట్టో కాదు. మనం కొలిచిన చుట్టు కావాలంటే దారుల దూరాన్ని విడిగా లెక్కేయాలి.

రెండు వైపులా విడివిడిగా గీసిన హైవే ఒక జంక్షన్‌ని నాలుగుగా చూపిస్తుంది, రౌండెబౌట్ కూడా అంతే, అలాంటివి ఒకటిగా కలిపేయాలి. ఫ్లైఓవర్ కింద పోయే రోడ్డు దానితో కలవదు. అన్నిటికన్నా ముఖ్యం, కార్ల దారులు, నడక దారులు విడిగా కొలవండి. 1929లో న్యూజెర్సీలో కట్టిన ర్యాడ్‌బర్న్ అనే కాలనీలో కార్ల వీధులు మూసుకుపోయి ఉంటాయి, ఇళ్ల వెనక నుంచి కాలిబాటలు మాత్రం కలుస్తాయి. కార్ల మ్యాప్ ఒక్కటే పెట్టుకుంటే అది తెగిన ఊరు, నడకది కూడా పెడితే కాదు. తర్వాత చాలాచోట్ల ఆ మూసిన వీధుల్నే కాపీ కొట్టారు గానీ కాలిబాటల్ని వదిలేశారు.

ఒక దారి వేసి చూడండి

లెక్కంతా అయ్యాక మ్యాప్ మీద మూసుకుపోయిన రెండు సందుల మధ్య ఓ కాలిబాట గీసి, మళ్లీ లెక్కపెట్టండి. మన ఉదాహరణలో ఆ రెండు చివరలూ కూడళ్ల లెక్కలోంచి పోతాయి, 26 మిగులుతాయి, మూసుకుపోయినవి 8 అవుతాయి, సగటు 2.43 నుంచి 2.54కి మాత్రమే కదులుతుంది. కానీ ఆ బాట బడి పక్కనే పడితే 900 మీటర్లు 230 అవుతాయి, అంటే 4.5 నుంచి 1.15కి. ఎవరికైనా చూపించాల్సి వస్తే సగటు చివర పెట్టి, ఈ అంకె ముందు పెట్టండి, పక్కన ఆ ఎర్రగీతల మ్యాప్ ఉంచండి.