జిమ్మీ ‘డక్’ హోమ్స్ బ్లూస్‌ను ఎదురుగా కూర్చుని వినాలంటే ఎలా?

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో బెంటోనియా అనే చిన్న ఊరుంది. అక్కడ రైలు పట్టాల దగ్గర హోమ్స్ దంపతులు 1948లో బ్లూ ఫ్రంట్ కేఫ్ తెరిచారు. వాళ్ళ తర్వాత దాన్ని నడుపుతున్నది కొడుకు జిమ్మీ ‘డక్’ హోమ్స్. బ్లూస్ అంటే అమెరికా నల్లజాతివాళ్ళ జానపద సంగీతం. అందులో ఈ ఊరి బాణీని పాత తరం గాయకుడు జాక్ ఓవెన్స్ దగ్గర నేర్చుకున్న గాయకుడాయన. మరి ఆయన పాట వినడానికి ఎలా వెళ్ళాలి?

మొదట ఇంట్లోనే కాస్త విని వెళ్ళండి. ఈ ఊరివాడే అయిన బ్లూస్ గాయకుడు స్కిప్ జేమ్స్ 1931లో చేసిన రికార్డింగులు, తర్వాత గ్రామీకి నామినేట్ అయిన హోమ్స్ 2019 ఆల్బమ్ వరసగా పెట్టుకోండి. బెంటోనియాలో గిటార్‌ను ఓపెన్ మైనర్‌లో శ్రుతి చేస్తారు. ఎడమచెయ్యి ఆనించకుండా తీగలు మీటినా మైనర్ కార్డే, అంటే దిగులుగా వినిపించే స్వరాల కలయికే పలుకుతుంది. గొంతు కలవకముందే దిగులు కమ్ముకునేది అందుకే.

తర్వాత తేదీ చూసుకోండి. 1972లో మొదలైన బెంటోనియా బ్లూస్ ఫెస్టివల్ జూన్‌లో జరుగుతుంది. సందడి కావాలంటే అప్పుడు వెళ్ళొచ్చు. నన్నడిగితే మామూలు రోజే నయం, ఆయన్ని దగ్గర నుంచి వినొచ్చు. కాకపోతే 1947లో పుట్టిన మనిషి, వెళ్ళిన ప్రతిసారీ వాయిస్తారని అనుకోకూడదు. ఫోన్ చేసి కనుక్కున్నాకే బయల్దేరండి.

మిసిసిపీ రాజధాని జాక్సన్ నుంచి హైవే 49 మీద ఉత్తరంగా దాదాపు 30 మైళ్ళు. కారు తప్పదు. డాలస్‌లో ఉండే మనవాళ్ళకి జాక్సన్ దాకానే ఆరు గంటల డ్రైవ్ కాబట్టి, రాత్రికి అక్కడే గది తీసుకుంటే టెన్షన్ ఉండదు.

కేఫ్ లోపల ఆయన కుడిచెయ్యి కనిపించే చోట కూర్చోండి. బొటనవేలు లావు తీగల మీద ఒకే నడకను పట్టుకుని ఉంటుంది, మిగతా వేళ్ళు సన్న తీగల మీద గొంతుకి బదులిస్తుంటాయి. రికార్డులో ఉన్నట్టే పాడతారని ఎదురుచూడకండి. మాటలు మారతాయి, ఒక వరస అనుకున్నదానికంటే సాగుతుంది. అందుకే తాళం వెయ్యాలని చప్పట్లు కొట్టొద్దు, ఆయన నడకకి అడ్డొస్తాయి. పాట మధ్యలో కబుర్లు అసలే వద్దు. వీడియో తీయాలంటే ముందు అడగండి.

చేతిలో డాలర్ నోట్లుంచుకోండి. అక్కడే ఏదైనా తాగండి, ఆల్బమ్ ఉంటే ఆయన దగ్గరే కొనండి. ఆ డబ్బు నేరుగా పాడే మనిషికి చేరుతుంది.

గిటార్ వాయించేవాళ్ళయితే మీది కూడా తీసుకెళ్ళి, పాట అయిపోయాక ఆ శ్రుతి ఎలా చేస్తారో చూపించమని అడగండి. ఓవెన్స్ తనకి నేర్పినట్టే, అడిగి వచ్చినవాళ్ళకి హోమ్స్ కూడా నేర్పుతూ వచ్చారు.