పరిగె ఏరినట్టు వాక్యం చదవడం: నాలుగు వారాల్లో రూతు గ్రంథం

కొత్త సంవత్సరం ఆరాధనలో తీసిన వాగ్దాన కార్డు చాలా ఇళ్లలో ఏడాదంతా బీరువా అద్దానికి అంటించి ఉంటుంది. తరచుగా వచ్చే వాటిలో యిర్మీయా 29:11 ఒకటి: మీ గురించి నా ఉద్దేశాలు సమాధానకరమైనవే గానీ హానికరమైనవి కావు అని దేవుడు చెప్పిన మాట. ఆ మాటలున్న ఉత్తరం ఎవరికి వెళ్లిందో అదే అధ్యాయం మొదటి వచనంలో ఉంది: బబులోనుకు చెరగా పోయినవారికి. ఎప్పటికి నెరవేరుతుందో పదో వచనంలో ఉంది: డెబ్బై ఏళ్లకు. ఈలోగా ఇళ్లు కట్టుకోమని, తోటలు నాటుకోమని, తమను చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించమని 5, 7 వచనాలు చెబుతున్నాయి. ఇవన్నీ చదివితే వాగ్దానం చిన్నదైపోదు, దాని బరువు తెలుస్తుంది. కార్డు మీద ఒక్క వచనమే పడుతుంది కాబట్టి మిగతాది మనమే బైబిలు తెరిచి చదువుకోవాలి.

అలా చదవడం అలవాటు కావాలంటే పెద్ద పథకంతో మొదలుపెట్టకండి. 66 గ్రంథాల బైబిలులో 1,189 అధ్యాయాలున్నాయి. ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు, నాలుగు చదవాలి. చాలామంది జనవరిలో ఆదికాండంతో బయలుదేరి లేవీయకాండంలో ఆగిపోతారు. దానికి భక్తి తక్కువ కావడం కారణం కాదు. బలుల నియమాలు ఏ ప్రశ్నకు జవాబో తెలియకుండా పేజీలు తిప్పితే ఎవరైనా అలసిపోతారు. ముందు ఒక చిన్న గ్రంథం పట్టుకొని నాలుగు వారాలు దానిలోనే ఉండండి.

రూతు గ్రంథం దీనికి బాగా సరిపోతుంది. నాలుగు అధ్యాయాలు, 85 వచనాలు. కరువు, వలస, భర్త పోయిన అత్తాకోడళ్లు, కోత, పనలు, కళ్లం, చేతిలో నాలుగు గింజలు లేని ఇల్లు, ఇదీ కథ. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పెరిగినవారికి వీటిలో దేనికీ వివరణ అక్కర్లేదు. పట్నంలో చదివేవాళ్లకు వ్యాఖ్యాన గ్రంథం చెప్పాల్సిన సంగతులు సగం మన ఇంట్లో మామ్మకే తెలుసు.

కావలసినవి

రెఫరెన్సులున్న బైబిలు ఒకటి, 100 పేజీల నోటుపుస్తకం, పెన్సిలు. జెల్ పెన్ను, హైలైటర్ వద్దు. బైబిలు కాగితం పలచన, సిరా అవతలి పేజీకి దిగిపోయి ఆ వచనాలు చదవడానికి రాకుండా పోతాయి. మన సంఘాల్లో ఎక్కువగా వాడే పాత అనువాదాన్నే ఆధారంగా పెట్టుకోండి. వాడుక భాషలో వచ్చిన మరో అనువాదం పక్కన ఉంచుకొని, అర్థం కాని చోట మాత్రమే చూడండి. మొదటే సులువైనది చదివేస్తే పాతదాన్ని ఓపికగా చూసే పని మానేస్తాం. ఫోనులో బైబిలు వాడేవారు చదివేంతసేపూ డేటా ఆపేయాలి.

సమయం రోజుకు 25 నిమిషాలు చాలు. తెల్లవారుజామునే చదవాలన్న నియమమేమీ లేదు. పొలం పనికో జీడి పిక్కల పనికో చీకటితో వెళ్లేవారికి రాత్రి భోజనాలకు ముందు కుదురుతుంది. భోజనాలయ్యాక పెట్టుకుంటే నిద్ర వస్తుంది. ఏ వేళైనా రోజూ అదే వేళ ఉండాలి.

పాత అనువాదం తెలుగులో రెండు సంగతులు ముందే తెలుసుకోవాలి. ఒకటి, అందులో ‘మీరు’ అంటే ఎప్పుడూ పలువురే. మర్యాదకు ఒక్కరిని ‘మీరు’ అనడం ఆ భాషలో లేదు, ఒక్కరైతే ‘నీవు’. 1 కొరింథీయులకు 3:16లో దేవుని ఆలయం అని పౌలు అన్నది సంఘమంతటినీ కలిపి. మన వాడుక అలవాటుతో చదివితే ఆ మాట ఒక్కరికి చెప్పినట్టు వినబడుతుంది. రెండోది, ‘గనుక’, ‘కాబట్టి’, ‘ఏలయనగా’, ‘అయితే’ అనే మాటలు. ఇవి కనబడ్డ ప్రతిచోటా పెన్సిలుతో సున్నా చుట్టండి. ‘గనుక’ ముందున్నది కారణం, వెనకున్నది ఫలితం. సగం అపార్థాలు ఈ చిన్న మాటలను దాటిపోవడం వల్లనే వస్తాయి.

మొదటి వారం: వలస

మొదటి రోజు నాలుగు అధ్యాయాలూ ఒకే బిగిన, గొంతెత్తి చదవండి. సుమారు 20 నిమిషాలు పడుతుంది. ఏదీ రాసుకోవద్దు. గ్రంథంలో సగానికి పైగా సంభాషణలే కాబట్టి ఇంట్లో నలుగురుంటే ఒకరు నయోమి (అత్త), ఒకరు రూతు (కోడలు), ఒకరు బోయజు (పొలం యజమాని), ఒకరు కథ చెప్పేవారుగా పంచుకోవచ్చు. కంటితో చదివినప్పుడు జారిపోయిన మాట చెవికి పట్టుబడుతుంది.

రెండో రోజు నుంచి మొదటి అధ్యాయమే. పేజీని మూడు నిలువు గడులు చేయండి. మొదటి దానిలో వచనంలో ఉన్నది ఉన్నట్టు, రెండో దానిలో మీ ప్రశ్న, మూడో దానిలో ఆ ప్రశ్నకు బైబిలులోనే దొరికిన జవాబు. ‘నాకు దేవుడు ఏం చెబుతున్నాడు’ అన్నది ఈ మూడింటిలో దేనిలోనూ రాయకండి. దానికి శుక్రవారం దాకా ఆగాలి. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. వచనం ఏం చెబుతుందో చూడకముందే మన కష్టాన్ని అందులో పెట్టి చదివితే, మనకు తెలిసిందే మనకు తిరిగి వినబడుతుంది.

ఈ అధ్యాయంలో ‘తిరిగి వెళ్లు’, ‘తిరిగి రా’ అనే మాటలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టండి. ఎవరు ఎటు తిరుగుతున్నారో రాయండి. నయోమి ఊరు బేత్లెహేము అంటే హెబ్రీలో రొట్టెల ఇల్లు. ఆ ఊళ్లోనే తిండి లేకపోయింది. ద్వితీయోపదేశకాండము 23:3లో మోయాబీయుల గురించి ఏముందో చూసి వస్తే, మోయాబు పిల్ల అయిన రూతు ఆ ఊరికి కోడలిగా రావడం ఎంత బరువైన సంగతో తెలుస్తుంది. 16, 17 వచనాల మాటలు పెళ్లి పత్రికల మీద కనబడతాయి. అవి వధువు వరుడితో అన్నవి కావు, కోడలు అత్తతో అన్నవి. మన ఇళ్లలో ఆ సంగతి అలా చెప్పుకుంటేనే ఎక్కువ మేలు.

20, 21 వచనాల దగ్గర ఆగండి. నయోమి అంటే మధురం. ఆమె తనను మారా, అంటే చేదు, అని పిలవమంటుంది. దేవుడే తనను వట్టి చేతులతో తెచ్చాడని ఊరి ఆడవాళ్ల ముందే అంటుంది. కథ ఆమెను ఎక్కడా గద్దించదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడిపోయిన ఇళ్లవారికి, కొడుకులు వేరావల్ చేపల వేటకో హైదరాబాదు కట్టడాల పనికో పోయి తిరిగి రాని తల్లులకు ఈ రెండు వచనాలు ప్రార్థనగా ఇవ్వండి. ‘అంతా మేలుకే’ అని తొందరపడి చెప్పకండి. గ్రంథం ఆమె దుఃఖానికి నాలుగు అధ్యాయాలు ఇచ్చింది, మనం ఒక వారమైనా ఇవ్వాలి.

రెండో వారం: పరిగె

రెండో అధ్యాయం మీద ఎక్కువ రోజులు పట్టినా పరవాలేదు. చదవడానికి ముందు లేవీయకాండము 19:9, 10 చూడండి. పొలం అంచుల దాకా కోయకూడదు, రాలినవి (పరిగె) ఏరుకోకూడదు, అవి బీదలకూ పరదేశికీ వదలాలి. జనవరిలో మొదలుపెట్టినవారిని ఆపేసిన ఆ లేవీయకాండమే ఇక్కడ రూతుకు అన్నం పెట్టింది. ఇలా వెనక్కి వెళ్లి చూసిన ధర్మశాస్త్రం మళ్లీ విసుగనిపించదు.

ఇప్పుడు బోయజు చేసినవి ఒక్కొక్కటీ రాయండి: నీళ్లు తాగనివ్వడం, పనివాళ్లు ఆమెను ముట్టకూడదని ఆజ్ఞాపించడం, భోజనం దగ్గరకు పిలిచి పేలాలు ఇవ్వడం, పనల మధ్యకూ రానివ్వడం, కావాలని కొన్ని పిడికిళ్లు లాగి పడేయించడం. వీటిలో ధర్మశాస్త్రం అడిగింది ఏది, అడగకుండానే చేసింది ఏది అని గీత గీసి విడదీయండి. ఆ గీతకు కుడివైపు ఉన్నదాన్ని హెబ్రీలో హెసెద్ అంటారు, మాట తప్పని దయ. ఇదే మాట 1:8లో, 2:20లో, 3:10లో వస్తుంది. తెలుగులో సందర్భాన్ని బట్టి వేర్వేరు పదాలుగా మారడంతో ఆ దారం కనబడదు. మూడు చోట్లా పెన్సిలుతో ఒకే గుర్తు పెట్టుకోండి.

పదిహేడో వచనంలో ఆమె ఏరినది దుళ్లగొడితే తూమెడు యవలయ్యాయి. యవలంటే బార్లీ. ఇక్కడి తూము కొలతతో దాన్ని పోల్చకండి. హెబ్రీలో ఉన్నది ఏఫా, సుమారు 22 లీటర్లు. వరి పరిగె ఏరిన చెయ్యి ఎవరిదైనా ఇంట్లో ఉంటే, ఒక పూటలో రాలిన గింజ ఎంత వస్తుందో అడగండి. ఆ జవాబు విన్నాక బోయజు పనివాళ్లు ఎంత వదిలారో లెక్క తేలుతుంది.

ఈ వారం శనివారానికి చేయాల్సిన పని ఒకటి రాసుకోవాలి. కోత మిషన్లు వచ్చాక చేలో పరిగె మిగలడం తగ్గింది. నెల జీతం వారికి పొలమే లేదు. మన ‘అంచు’ ఏది అని అడుగుదాం. ఎవరికి, ఏమిటి, ఏ రోజు, ఈ మూడూ ఉండాలి. ‘బీదలకు సాయం చేయాలి’ అని రాస్తే ఏమీ జరగదు. ‘మన వీధి చివర ఒంటరిగా ఉన్న మామ్మకు బుధవారం రెండు కిలోల బియ్యం, పింఛను కాగితాలు నింపడానికి గంట’ అని రాస్తే జరుగుతుంది.

మూడు, నాలుగు వారాలు: కళ్లం, గుమ్మం

మూడో అధ్యాయంలో రూతు రాత్రివేళ కళ్లానికి వెళ్తుంది. ఇక్కడ కొందరు ఇబ్బందిపడి దాటేస్తారు, కొందరు లేనిది కల్పిస్తారు. ఉన్నది చదవండి. బోయజు ఆమెను యోగ్యురాలని పిలిచాడు, ఆమె పేరు చెడకుండా తెల్లవారకముందే పంపాడు, తనకంటే దగ్గరి బంధువు ఉన్నాడని దాచలేదు. ఆడవాళ్లు, మగవాళ్లు కలిసిన కూడికలో ఈ అధ్యాయం మాట్లాడటం కష్టమైతే స్త్రీల సమాజంలో విడిగా చదవడం మంచిది.

2:12, 3:9 పక్కపక్కన పెట్టుకోండి. మొదటిదానిలో దేవుని రెక్కల కింద ఆశ్రయం దొరకాలని బోయజు దీవిస్తాడు. రెండోదానిలో తన మీద కొంగు కప్పమని రూతు బోయజునే అడుగుతుంది. హెబ్రీలో రెక్కకూ కొంగుకూ ఒకటే మాట. చేసిన ప్రార్థనకు జవాబు తన దుప్పటి అంచులోనే ఉందని అతనికి ఆమె చెప్పింది. అలాగే 1:21లో నయోమి తనను గురించి చెప్పుకున్న ‘వట్టి’ అనే మాట, 3:17లో అత్త ఇంటికి వట్టి చేతులతో పోవద్దన్న చోట మళ్లీ వస్తుంది.

అదే అధ్యాయంలో బోయజు కొలిచి ఇచ్చిన ఆరు కొలలకు ఆరు గూఢార్థాలు వెతకడం ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు. బోయజులో క్రీస్తు నీడను సంఘం చాలాకాలంగా చూస్తోంది, ఆ చూపు సరైనదే. అయితే ముందు బోయజును బోయజుగా చూడాలి. అతను చెమటోడ్చే రైతు, మాట నిలబెట్టుకున్న పెద్దమనిషి అని కనబడ్డాకే ఆ నీడ స్పష్టంగా పడుతుంది.

నాలుగో అధ్యాయానికి లేవీయకాండము 25:25, ద్వితీయోపదేశకాండము 25:5-10 చదివితే ఊరి గుమ్మం దగ్గర పంచాయితీ, చెప్పు తీసి ఇవ్వడం అర్థమవుతాయి. వంశావళిని దాటేయకుండా మత్తయి 1:5తో కలిపి చదవండి. చివరగా ఒక లెక్క చూడండి. ఈ గ్రంథంలో దాదాపు అందరూ దేవుని పేరు ఎత్తుతారు గానీ, యెహోవా ఫలానాది చేశాడని కథ చెప్పేవాడు తానుగా చెప్పేది రెండే చోట్ల, 1:6లో తిండి, 4:13లో బిడ్డ. మధ్యలో అంతా మనుషుల చేతుల మీదుగా జరిగింది. ఈ రెండు వచనాలూ కంఠస్థం చేయదగినవి.

కలిసి చదివేటప్పుడు

ఆదివారం సాయంత్రం ఒక గంట, ఆరుగురి నుంచి ఎనిమిది మంది దాకా. పదిమంది దాటితే ఇద్దరే మాట్లాడతారు. ఒక పాట, చిన్న ప్రార్థన, అధ్యాయం రెండుసార్లు గట్టిగా చదవడం, ఇరవై అయిదు నిమిషాలు ప్రశ్నలు, పది నిమిషాలు తిరిగి చెప్పడం, మిగతాది ప్రార్థన. నడిపేవారు ‘అవును’, ‘కాదు’ అని జవాబొచ్చే ప్రశ్నలు వేయకూడదు. ‘ఈ మాట అనకపోతే కథ ఎటు పోయేది?’ లాంటివి వేయాలి. ప్రశ్న వేశాక పది సెకన్లు ఊరుకోవాలి. ఆ నిశ్శబ్దానికి భయపడి నడిపేవారే జవాబు చెప్పేస్తే బైబిలు స్టడీ కాస్తా ప్రసంగమైపోతుంది. తెగని ప్రశ్నను నోటుపుస్తకంలో రాసి పాస్టరుగారి దగ్గరకు తీసుకెళ్లండి.

తిరిగి చెప్పడం మాత్రం మానకండి. బైబిలు మూసి, ఇంటి మాటలో: ‘కరువొచ్చీసింది. పెళ్లాన్నీ ఇద్దరు కొడుకుల్నీ అట్టుకొని ఎలీమెలెకు మోయాబు ఎలిపోనాడు. అక్కడే సచ్చిపోనాడు.’ పుస్తక భాషలో అప్పజెప్పినవారికి అర్థం అయిందో లేదో తెలియదు, ఇంటి మాటలో చెప్పగలిగితే అయినట్టే. చదువు రానివారు ఇక్కడే ముందుంటారు. విన్న కథను వరస తప్పకుండా చెప్పడం వాళ్లకు చిన్ననాటి నుంచీ అలవాటు. ఎవరైనా లేనిది కలిపితే పక్కవారు ‘అది ఎక్కడుంది?’ అని అడిగి వచనం తీయాలి.

మధ్యలో మూడు రోజులు తప్పిపోతే మళ్లీ మొదటికి వెళ్లకండి, ఆ ఆదివారం కూడిక ఏ అధ్యాయమో అక్కడ కలవండి. నాలుగు వారాలు అయ్యాక ఒక వారం విరామం ఇచ్చి, ఆ తర్వాత యోనా తీసుకోండి. అదీ నాలుగు అధ్యాయాలే, 48 వచనాలు. రూతులో పరదేశి ఇశ్రాయేలుకు వస్తుంది, అక్కడ ఇశ్రాయేలీయుడిని పరదేశులకు పంపుతారు. నోటుపుస్తకంలో అవే మూడు గడులు, పక్కనే రూతు పేజీలు తెరిచి పెట్టుకోండి.