రోల్‌ప్లేయింగ్ గేమ్ ప్రోగ్రామింగ్ – 6వ భాగం: తాత్కాలిక ప్రభావాల లెక్క

గత భాగంలో పాత్రకు బలం, రక్షణ, ప్రాణశక్తి అనే గుణాలను ఇచ్చి, వాటితో దెబ్బ తీవ్రతను లెక్కగట్టాం. ఇక ఆ గుణాలు ఆట మధ్యలో మారాలి. మంత్రం పడితే మూడు టర్న్‌ల (ఆటలో వంతుల) పాటు బలం పెరగాలి, ఉంగరం తీసేస్తే దానివల్ల వచ్చిన బలం పోవాలి.

మంత్రం పడగానే బలాన్ని 1.5తో గుణించి, గడువు తీరగానే 1.5తో భాగించడం చాలామందికి మొదట తట్టే పద్ధతి. అది ఎక్కడ బెడిసికొడుతుందో చూడండి. బలం 20 ఉన్న పాత్రపై మంత్రం పడి 30 అయింది. అది నడుస్తుండగానే ఆటగాడు 10 పాయింట్ల ఉంగరం తొడిగితే 40 అయింది. గడువు తీరి భాగిస్తే పూర్ణాంకాల్లో 26 మిగులుతుంది; ఉండవలసింది 30. ఉంగరం కూడా తీసేస్తే 16. ఏ శత్రువూ తాకకుండానే ఆ పాత్ర 4 పాయింట్ల బలాన్ని శాశ్వతంగా పోగొట్టుకుంది. ఆటగాడు దీన్ని గంటల తర్వాత గాని గమనించడు, కాబట్టి ఈ తప్పును వెతికి పట్టుకోవడం చాలా కష్టం.

అందుకే మూల విలువను, అంటే ఏ ప్రభావమూ లేనప్పటి విలువను (పై ఉదాహరణలో 20), ఎప్పుడూ ముట్టుకోకూడదు. ప్రతి ప్రభావాన్నీ ఒక ఆబ్జెక్ట్‌గా చేసి, అది ఏ గుణానికి చెందినది, కూడికా శాతమా, ఎంత, ఎక్కడినుంచి వచ్చింది, ఇంకా ఎన్ని టర్న్‌లు ఉంటుంది అన్న వివరాలతో ఒక లిస్ట్‌లో ఉంచండి. బలం అవసరమైనప్పుడల్లా మూల విలువ నుంచి మళ్లీ లెక్కించండి. ఉంగరం తీసేయడమంటే ఆ ఉంగరం నుంచి వచ్చిన ప్రభావాలను లిస్ట్‌లోంచి తొలగించడమే.

ఈ లెక్కకు స్థిరమైన వరుస ఉండాలి. కూడికలు ముందైతే (20 + 10) × 1.5 = 45, శాతం ముందైతే 40. నేను కూడికలనే ముందు చేస్తాను, ఎందుకంటే అప్పుడు ఉంగరానికీ మంత్రానికీ పొత్తు కుదిరి, ఆటగాడి ఎంపికకు విలువ పెరుగుతుంది. 50 శాతం, 20 శాతం ప్రభావాలు రెండూ ఉన్నప్పుడు శాతాలను కలిపితే 30 × 1.7 = 51, విడివిడిగా గుణిస్తే 54. తేడా చిన్నదిగా కనిపించినా, ప్రభావాలు పదికి చేరితే గుణకారం అదుపు తప్పుతుంది; శాతాలను కలపడమే మేలు.

ప్రాణశక్తి విషయంలో ఒక జాగ్రత్త అవసరం. గరిష్ఠ ప్రాణశక్తి ఈ పద్ధతిలోనే వస్తుంది గాని, ప్రస్తుత ప్రాణశక్తిని విడిగా నిల్వ చేయాలి. గరిష్ఠం 150 నుంచి 100కు పడిపోయినప్పుడు ప్రస్తుతం 130 ఉంటే, దాన్నీ 100కు దించాలి.

టర్న్ ముగిశాక గడువు తీరిన ప్రభావాలను తొలగించే లూప్‌ను లిస్ట్ చివరి నుంచి మొదటికి నడపండి. మొదటి నుంచి నడిపితే, ఒకటి తొలగించగానే తర్వాతిది ఆ స్థానంలోకి జరిగి, లూప్ దాన్ని దాటిపోతుంది.

అభ్యాసం: ఒకే మంత్రం రెండుసార్లు పడితే రెండో ప్రభావాన్ని చేర్చకుండా, మొదటిదాని గడువును మాత్రమే మూడు టర్న్‌లకు పునరుద్ధరించే ఫంక్షన్ రాయండి.