యూరప్‌లో రాత్రి రైలు ఎక్కడం ఎలా?

యూరప్ చూడటానికి వెళ్లే మనవాళ్లు ఊరికీ ఊరికీ మధ్య విమానం ఎక్కి, సగం రోజు ఎయిర్‌పోర్టుల్లోనే పోగొట్టుకుంటారు. రాత్రి రైలైతే ఊరి నడిబొడ్డున ఎక్కి, పొద్దున్నే ఇంకో ఊరి నడిబొడ్డున దిగుతాం. ఒక హోటల్ రాత్రి ఖర్చు కూడా మిగులుతుంది. 2016 చివర్లో జర్మనీ రైల్వే తన పడక రైళ్లు ఆపేస్తే, ఆస్ట్రియా రైల్వే వాటిలో చాలా మార్గాలు తీసుకుని నైట్‌జెట్ పేరుతో నడుపుతోంది. జర్మనీలోని హాంబర్గ్ నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా వెళ్లే రైలునే ఉదాహరణగా తీసుకుందాం.

మొదట టికెట్. ఆస్ట్రియా రైల్వే యాప్‌లోనే కొనండి, ఎంత ముందు కొంటే అంత చవక. యూరప్ దేశాల్లో రైలు ప్రయాణానికి ముందే కొనుక్కునే యూరైల్ పాస్ ఉంటే చాలనుకోకండి, బెర్త్‌కి విడిగా రిజర్వేషన్ డబ్బు కట్టాలి. అర్ధరాత్రి దాటాక మధ్య స్టేషన్‌లో ఎక్కేవాళ్లు తేదీ రెండుసార్లు చూసుకోండి.

తర్వాత బెర్త్. సీటు కొనొద్దు, రాత్రంతా కూర్చుని వెళ్తే మర్నాడు వియన్నా చూడలేరు. కుటుంబమైతే నలుగురి కూషెట్ (పడక బెర్తులున్న గది) మొత్తం తీసుకోండి. ఒంటరిగా వెళ్తుంటే మినీ క్యాబిన్, అంటే ఒక్కరు పడుకునే చిన్న అర. 2023 డిసెంబర్‌లో ఈ మార్గంలోనే మొదలైన కొత్త రైళ్లలో ఇవి ఉన్నాయి, తలుపు వేసుకుంటే ఎవరి గొడవా ఉండదు. పాత బోగీల్లో ఆరుగురి కూషెట్ మాత్రం వద్దే వద్దు. పెట్టెలు పెట్టడానికే చోటు చాలదు.

సామాను: చెప్పులు, చెవుల్లోకి దూది, రాత్రి భోజనం. ప్యాంట్రీ కారు ఉండదు. పాస్‌పోర్ట్ అసలుది చేతిసంచిలో పెట్టుకోండి, జిరాక్స్ పనికిరాదు.

ఇప్పుడు అసలు విషయం, బోగీ. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. హాంబర్గ్‌లో బయలుదేరేది చూడటానికి ఒకే రైలు. దారిలో న్యూరెంబర్గ్‌లో అది రెండుగా విడిపోతుంది. సగం బోగీలు వియన్నాకి, సగం ఆల్ప్స్ కొండల్లోని ఇన్స్‌బ్రుక్‌కి. మన లింక్ ఎక్స్‌ప్రెస్‌ల పద్ధతే, కాకపోతే అది మీరు నిద్రలో ఉండగా జరుగుతుంది. "ముందు ఏదో ఒక బోగీ ఎక్కేద్దాం, లోపల నడుచుకుంటూ వెళ్దాం" అనే మన అలవాటు ఇక్కడ కొంప ముంచుతుంది. లోపల నుంచి అవతలి సగానికి దారి ఉంటుందని నమ్ముకోవద్దు. తప్పు సగంలో నిద్రపోతే తెల్లారేసరికి ఆల్ప్స్ కొండల మధ్య ఉంటారు, అక్కడి నుంచి వియన్నాకి ఇంకో రైల్లో నాలుగు గంటల పైనే.

అందుకే అరగంట ముందు ప్లాట్‌ఫామ్ మీద ఉండండి. ప్లాట్‌ఫామ్ పొడవునా ఏ, బీ, సీ అని అక్షరాల బోర్డులు వేలాడుతుంటాయి. మీ బోగీ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో తెర మీద చూసి అక్కడే నిలబడండి. జర్మనీలో ఒక్కోసారి బోగీల వరుస తిరగబడి వస్తుంది. అనౌన్స్‌మెంట్ అర్థం కాకపోతే పక్కన జనం ఒక్కసారిగా పెట్టెలు లాక్కుంటూ కదలడం చూసి వెంటనే అడగండి, సిగ్గుపడకండి.

రైలు ఆగాక తలుపు పక్కన రాసి ఉన్న రెండూ చదవండి: బోగీ నంబర్, చేరే ఊరు. నంబర్ ఒక్కటే చూస్తే చాలదు. జర్మన్‌లో వియన్నాని ‘వీన్’ (Wien) అంటారు, బోగీ మీద అదే ఉంటుంది. ఎక్కగానే అటెండెంట్‌ని "వీన్?" అని ఒక్క మాట అడగండి. రెండూ కలిశాకే పెట్టె పైన పెట్టండి.

ఇంకో జాగ్రత్త. న్యూరెంబర్గ్‌లో రైలు చాలాసేపు ఆగిందని సిగరెట్‌కో నీళ్లకో దిగొద్దు. బోగీలు విడదీసి అటూ ఇటూ జరుపుతుంటారు. మీ పాస్‌పోర్ట్, పిల్లలు లోపల, మీరు బయట అయితే?

దుప్పటి, దిండు వాళ్లే ఇస్తారు. తలుపు లోపల గడియ వేసుకుని పడుకోండి. దిగే ముందు అటెండెంట్ లేపి టిఫిన్ ఇస్తారు. కూషెట్‌లో అయితే బన్నులు, వెన్న, జామ్, కాఫీ. ఇడ్లీ ఆశించకండి, కాఫీ మాత్రం వేడిగా ఉన్నప్పుడే తాగేయండి.