గేదె కంటే ముందు వడ్డీ: పొదుపు సంఘంతో పేద కుటుంబాన్ని నిలబెట్టే తీరు

పేద కుటుంబానికి ఆసరా అనగానే చాలామందికి గేదె, కుట్టు మిషన్, కిరాణా కొట్టు గుర్తుకు వస్తాయి. వాటి వంతు తర్వాత వస్తుంది. ముందుగా చూడవలసినది ఆ ఇంటి నుంచి నెలనెలా వడ్డీగా బయటికి పోతున్న సొమ్ము. నూటికి ఐదు రూపాయల వడ్డీకి 20,000 అప్పు తెచ్చిన ఇల్లాలు నెలకు 1,000, ఏడాదికి 12,000 కట్టినా అసలు అంగుళం కదలదు. అదే అప్పును సంఘం నుంచి నూటికి రూపాయి వడ్డీకి తీసుకున్న సొమ్ముతో తీర్చేస్తే, మొదటి నెల వడ్డీ 200 మాత్రమే అవుతుంది. ఇంతవరకు కడుతున్న వెయ్యే కడుతూ పోయినా రెండేళ్ళలోపు అసలుతో సహా తీరిపోతుంది. సంఘం పెట్టేవారు ఈ లెక్కను మొదటి సమావేశంలోనే పలక మీద వేసి చూపించాలి.

తెలుగు నేల మీద ఈ పనికి చాలా అనుభవం ఉంది. సారా వ్యతిరేక ఉద్యమం నడిచిన నెల్లూరు జిల్లాలోనే మహిళలు రోజుకు రూపాయి చొప్పున దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు వ్యాపించాయి. 2000 తర్వాత వెలుగు, ఆపై ఇందిరా క్రాంతి పథం అనే ప్రభుత్వ కార్యక్రమాల కింద ఆ సంఘాలు గ్రామ సమాఖ్యలుగా, మండల సమాఖ్యలుగా ముడిపడ్డాయి. ఇప్పటికీ ఊళ్ళలో వీటిని డ్వాక్రా సంఘాలనే అంటారు.

మొదటి పని అత్యంత పేదలు ఎవరో తేల్చడం. ఆ నిర్ణయాన్ని సర్పంచికో, పంచాయతీ రికార్డుకో వదిలేయకూడదు. రచ్చబండ దగ్గర నేల చదును చేసి, ముగ్గుతో వీధులు, ఇళ్ళు గీయించి, ఒక్కొక్క ఇంటి మీద చింతగింజలు పెట్టించాలి: సొంత పొలం ఉంటే మూడు, కూలీ మీదే ఆధారపడితే రెండు, ఏడాదిలో కొన్ని నెలలు పస్తులుండే ఇంటికి ఒకటి. గింజ పెట్టేటప్పుడు వాదన తప్పకుండా వస్తుంది, రావాలి కూడా. ఫలానా ఇంటికి రెండు గింజలెందుకు, ఆమె భర్త మంచాన పడ్డాడు కదా అని పక్కింటావిడ అడ్డు తగిలినప్పుడే నిజమైన సమాచారం బయటపడుతుంది. పటం పూర్తయ్యాక దాన్ని కాగితం మీదికి ఎక్కించి భద్రపరచాలి.

సంఘంలో పది నుంచి ఇరవై మంది వరకు ఉండవచ్చు గాని, పన్నెండు మంది ఉంటే సమావేశం సాఫీగా సాగుతుంది. ఒకే వాడలో, ఇంచుమించు ఒకే స్థితిలో ఉన్నవారు కలవాలి. భూమి ఉన్నవారూ కూలీలూ కలిస్తే మాట ఎప్పుడూ ఒకవైపే చెల్లుతుంది. పొదుపు మొత్తాన్ని అందరిలోకీ బలహీనురాలు కట్టగలిగినంతే పెట్టాలి. నెలకు వంద చొప్పున పన్నెండు మంది ఆరు నెలలు కడితే 7,200 అవుతుంది. అది చిన్న మొత్తమే అయినా, అందులోంచి ఇచ్చిన అప్పు తిరిగి రావడాన్ని కళ్ళారా చూడడంలోనే సభ్యులకు నమ్మకం కుదురుతుంది.

క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, సరైన పుస్తక నిర్వహణ అనే ఐదింటిని పంచ సూత్రాలంటారు. వీటిలో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది చివరిది. డబ్బు చాప మీద అందరి ఎదుట లెక్కపెట్టాలి. ఎవరు ఎంత కట్టారో, ఎవరి బాకీ ఎంతో పైకి చదివిన తర్వాతే సంతకాలు తీసుకోవాలి. పుస్తకాలు రాసే అమ్మాయి ఇంటికి తీసుకెళ్ళి తీరిక చూసుకుని రాసే అలవాటు ఒక్కసారి మొదలైతే, ఆ సంఘంలో తగవు వచ్చినట్టే.

కనీసం ఆరు నెలలు ఇలా నడిచిన సంఘం బ్యాంకు రుణానికి అర్హత పొందుతుంది. పది లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. పొదుపు సొమ్మును హామీగా పట్టి ఉంచుతామన్నా ఒప్పుకోనక్కరలేదు. అయితే వచ్చిన రుణాన్ని తలా ఇంత అని సమానంగా పంచేయడం పెద్ద పొరపాటు. ప్రతి ఇంటి రాబడి, ఖర్చు, పాత అప్పులు రాసుకుని సూక్ష్మ రుణ ప్రణాళిక తయారు చేసి, ఒక్క గింజ పడిన ఇంటికి మొదటి వరుస ఇవ్వాలి. ఆ ఇంటి మొదటి అప్పు పాత వడ్డీ బాకీకి, రెండోది జబ్బుకో బడి ఖర్చుకో, మూడోది రాబడి తెచ్చే పనికి వెళ్ళడం మేలైన వరుస.

ఇప్పుడు గేదె దగ్గరికి రావచ్చు. గేదె ఏడాది పొడవునా పాలివ్వదు. వట్టిపోయిన నెలల్లోనూ మేత, దాణా ఖర్చు ఉంటుంది, వాయిదా మాత్రం ఆగదు. అందుకే పాడికి అప్పు ఇచ్చేటప్పుడు వట్టిపోయే కాలానికి వాయిదా తగ్గించి, పాలు పోసే కాలంలో పెంచేలా తీర్మానం రాయాలి. పశువుకు బీమా చేయించాలి. పాలకేంద్రం ఊళ్ళో లేకపోతే మేకలే నయం, అవసరమైనప్పుడు ఒకటి అమ్ముకోవచ్చు.

ఒక సభ్యురాలి పేరున మరొకరు అప్పు తీసుకోవడాన్ని, సంఘం వాయిదా కట్టడానికి ప్రైవేటు ఫైనాన్సు సొమ్ము తేవడాన్ని మొదటిసారే ఆపాలి. 2010లో ఆంధ్రప్రదేశ్‌లో పేదలకు చిన్న చిన్న అప్పులిచ్చే ప్రైవేటు సూక్ష్మరుణ (మైక్రోఫైనాన్స్) సంస్థల వసూళ్ళ ఒత్తిడి ఆత్మహత్యల వరకు వెళ్ళి, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఒకే ఇంటి మీద నాలుగైదు చోట్ల అప్పులు పేరుకుపోవడం ఆ విషాదానికి ఒక కారణం.

సంఘంలో చేరే స్తోమత కూడా లేని ఒంటరి ముసలివారు, వికలాంగులు ప్రతి ఊరిలో ఉంటారు. వారి బాధ్యత గ్రామ సమాఖ్యది. బియ్యం, పప్పు టోకున కొని వాయిదాల మీద ఇవ్వడం, పింఛను దరఖాస్తు రాసిపెట్టడం, ధాన్యం కొనుగోలు కేంద్రం నడిపితే వచ్చే కమీషన్‌లో కొంత వారికి కేటాయించడం సమాఖ్యకు చేతనైన పనులే.

ఏడాది తిరిగాక అదే రచ్చబండ దగ్గర ముగ్గుతో పటం మళ్ళీ గీయించి, గింజలు మళ్ళీ పెట్టించాలి. పాత కాగితంతో పోల్చి చూసి, ఇంకా ఒక్క గింజ దగ్గరే ఉండిపోయిన ఇళ్ళ జాబితా రాసుకోవాలి. వచ్చే సమావేశంలోపు ఆ ఇళ్ళకు ఇద్దరేసి సభ్యులు వెళ్ళి, అప్పు సొమ్ము ఎక్కడికి పోయిందో, ఎవరికి ఇంకా వడ్డీ కడుతున్నారో అడిగి రావాలి.