ఆక్రమణలో గద్దెనెక్కిన గవర్నరు: అతని జీవితచరిత్ర రాయడం ఎలా

పరాయి సైన్యం కింద ప్రావిన్సును ఏలిన మనిషి మీద రాయబోయేవాళ్లు చాలామంది తీర్పు ముందే రాసి పెట్టుకుని, దానికి సరిపడే కాయితాలు ఏరుకుంటారు. ముందు తారీకులు తేల్చండి, తర్వాత కాయితాలు చూడండి, మనిషి సంగతి ఆఖరున. ఇక్కడ ఉదాహరణకి రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఏలుబడిలో ఉన్న ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో ప్రావిన్సును తీసుకుందాం. అక్కడ ఒకే కాలంలో ఇద్దరు గవర్నర్లు ఉన్నారు. లొంగనని కొండలెక్కిన తొమాస్ కన్‌ఫెసోర్ ఒకరు, జపాన్ వాళ్లు పట్నంలో కూర్చోబెట్టిన డాక్టర్ ఫెర్మిన్ కరామ్ మరొకరు. ఎవరి మీద రాసినా రెండోవాడి కాయితాలు కూడా చదవాల్సిందే.

మొదటి పని మూడు గడుల పట్టిక. ఒక గడిలో యుద్ధం, రెండో గడిలో ఆ రోజున గవర్నరు పైన ఉన్న ప్రభుత్వం, మూడో గడిలో గవర్నరు చేసిన పని. ముందుగా పాతాల్సిన గుంజలు ఇవి: 1942 జనవరి 2న మనీలా పడిపోయింది. జనవరి 23న హొర్హే వర్గాస్ నాయకత్వంలో, జపాన్ సైన్యం కింద దేశాన్ని నడిపే కార్యనిర్వాహక సంఘం ఏర్పడింది. ఏప్రిల్ 16న జపాన్ సేన, ఇలోయిలో ఉన్న పనాయ్ దీవిలో దిగింది. 1943 అక్టోబరు 14న హొసే లారెల్ అధ్యక్షుడిగా రిపబ్లిక్ ప్రకటించారు. 1944 అక్టోబరు 20న అమెరికన్లు లేతే దీవిలోనూ, 1945 మార్చి 18న పనాయ్‌లోనూ దిగారు.

ఈ పట్టిక లేకపోతే 'ఆక్రమణ కాలంలో సంతకం పెట్టాడు' అని మూడున్నరేళ్లనీ ఒకే గాటన కట్టేస్తారు. 1942 మార్చిలో ఇలోయిలో గవర్నరు సంతకానికి కామన్‌వెల్త్ ప్రభుత్వం (అమెరికా కింద నడిచిన ఫిలిప్పీన్స్ స్వపరిపాలన) అండ ఉంది. మనీలా అప్పటికే పోయినా పనాయ్ ఇంకా చేతిలోనే ఉంది. 1943 వేసవిలో అదే కుర్చీ జపాన్ సైనిక పాలన చెప్పుచేతల్లో ఉన్న సంఘం కింద ఉంది. ఆ ఏడు చివరికి, పేరుకైనా సరే, స్వతంత్ర రిపబ్లిక్ కింద ఉంది. కుర్చీ మారలేదు గానీ దాని వెనక ఉన్న చెయ్యి రెండుసార్లు మారింది.

తారీకుల దగ్గర రెండు గోతులున్నాయి. జపాన్ కాయితాల మీద షోవా సంవత్సరం, అంటే అప్పటి చక్రవర్తి ఏలుబడి లెక్క, ఉంటుంది. దానికి 1925 కలపాలి: షోవా 18 అంటే 1943. షోవా శకం 1926లో మొదలైంది కదా అని 1926 కలిపేవాళ్లున్నారు. ఆ ఏడాది డిసెంబరు 25 నుంచి మిగిలిన వారం రోజులే షోవా 1, జనవరి రాగానే షోవా 2 అయిపోయింది. ఇక రెండోది గడియారం. ఆక్రమణ అధికారులు టోక్యో సమయం పెట్టించారు, మనీలా పాత సమయం కంటే అది గంట ముందు. అందుకే గెరిల్లాల రేడియో నోటుకీ పట్నంలోని రికార్డుకీ గంట తేడా వస్తే, ఎవరు అబద్ధం చెప్పారని వెతికే ముందు ఎవరి గడియారమో చూడండి.

డబ్బు దగ్గర ఇంకా ఎక్కువమంది బోల్తా పడతారు. జపాన్ వాళ్లు అచ్చేసిన పెసోలని జనం మిక్కీ మౌస్ డబ్బు అని వెక్కిరించేవారు. వాటి విలువ తేల్చడానికి యుద్ధం తర్వాత ఫిలిప్పీన్ కోర్టులు బాలంటైన్ పట్టిక వాడాయి. దాని ప్రకారం ఒక అసలు పెసోకి 1943 డిసెంబరులో రెండున్నర, 1944 డిసెంబరులో 90 జపాన్ పెసోలు. ఉదాహరణకి ఒక చందాల పుస్తకంలో 300 పెసోలని ఉందనుకోండి. మొదటి తారీకుకి అది 120 అసలు పెసోలు, రెండో తారీకుకి మూడు పెసోల పైచిలుకు. తారీకు వెయ్యకుండా 'భారీ మొత్తం ముట్టజెప్పాడు' అని రాస్తే ఆ వాక్యానికి అర్థం లేదు. పైగా కొండల్లో కన్‌ఫెసోర్ ప్రభుత్వం తన అత్యవసర నోట్లు తనే అచ్చేసింది. కాబట్టి పెసో అని కనబడ్డ ప్రతిచోటా ఏ పెసో అన్నది పక్కనే రాసుకోండి.

ఉత్తరాలు జంటగా చదవాలి. 1943 ఫిబ్రవరి 20న కన్‌ఫెసోర్ కరామ్‌కి రాసిన జవాబు ప్రసిద్ధం. ఈ యుద్ధం భూమి కోసం కాదు, ప్రభుత్వ విధానం కోసం, బతికే తీరు కోసం అన్నది అందులోని వాదం. అందరూ చదివేది ఆ జవాబునే. కరామ్ వైపు వాదాన్ని కూడా అందులోంచే ఏరాలి: జనం కష్టాలు పడుతున్నారు, లొంగిపోతే వాళ్లకి ఊరట. ఎదుటివాడి మాటగా జవాబులో ఉన్న వాక్యాలకి ఒక రంగు, రాసినవాడి సొంత మాటలకి ఇంకో రంగు గీత గియ్యండి. ఓడినవాడి గొంతు చాలాసార్లు ఇలా గెలిచినవాడి ఉత్తరంలోనే దొరుకుతుంది. అయితే అది వడపోసి వచ్చిన గొంతని మరిచిపోవద్దు.

గెరిల్లాల సాక్ష్యం అంతా ఒకే ముద్ద అనుకోవడం మరో పొరపాటు. పనాయ్ గెరిల్లా దళపతి మకారియో పెరాల్టాకీ కన్‌ఫెసోర్‌కీ పడేది కాదు. సాక్షి ఏ పక్షం వాడో తేల్చకుండా అతని మాట ఎత్తి రాస్తే, ఆ ఇద్దరి తగాదా మీ పుస్తకంలో మూడోవాడి మీద నేరంగా తేలుతుంది.

సొంత సమర్థనకి కూడా ఇదే కొలత. 'బలవంతం మీద చేశాను' అన్నది యుద్ధం ముగిశాక అందరూ చెప్పిన మాటే. అందుకే ప్రతి పనికీ అదే నెల నాటి కాయితం అడగండి. ఆ పని తప్పించుకున్న తోటి అధికారి ఉన్నాడా, ఉంటే అతనికేమైంది? ఆక్రమించిన సైన్యం ఏం చెయ్యొచ్చో 1907 నాటి హేగ్ నిబంధనల్లో, అంటే అంతర్జాతీయ యుద్ధ నియమాల్లో, ఉంది. శాంతిభద్రతలు చూడమంటుంది 43వ నిబంధన, జనం చేత విధేయత ప్రమాణం బలవంతంగా చేయించకూడదంటుంది 45వది. రోడ్డు బాగు చేయించడం, వడ్లు జపాన్ సేనకి తోలించడం, గెరిల్లాల పేర్లు అందించడం ఒకే 'సహకారం' కాదు. మూడింటికీ మూడు పేరాలు పెట్టండి.

కోర్టు కాయితాలని ఆఖరున తెరవండి. 1945 సెప్టెంబరులో వచ్చిన చట్టంతో, శత్రువుకి సహకరించారన్న కేసులు విచారించడానికి పీపుల్స్ కోర్టు పెట్టారు. దాని కాయితాలు ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయం దిలిమాన్ గ్రంథాలయంలో ఉన్నాయి. అక్కడి శిక్షాస్మృతి ప్రకారం దేశద్రోహం రుజువు కావాలంటే ఒకే చర్యని కళ్లారా చూసిన ఇద్దరు సాక్షులుండాలి, లేదా నిందితుడు కోర్టులో ఒప్పుకోవాలి. కాబట్టి కేసు వీగిపోయిందంటే ఆ పని జరగలేదని కాదు, రెండో సాక్షి దొరక్క కూడా వీగిపోవచ్చు.

1948 జనవరి 28న అధ్యక్షుడు మాన్యువెల్ రోహస్ రాజకీయ, ఆర్థిక సహకారం కేసులకి క్షమాభిక్ష ప్రకటించాడు. గూఢచర్యం, హత్య లాంటివాటికి అది వర్తించలేదు. ఆ రోహస్ కూడా పనాయ్ దీవివాడే, లారెల్ ప్రభుత్వంలో పనిచేసినవాడే. ఈ సంగతి మీ ఆఖరి అధ్యాయంలో తప్పక ఉండాలి. మీ గవర్నరు కేసు క్షమాభిక్షతో ఆగిపోయి ఉంటే 'నిర్దోషిగా విడుదలయ్యాడు' అని రాయకండి. 'విచారణ ముగియలేదు' అని రాసి, పక్కన తారీకు వెయ్యండి.