పెద్దవాళ్ల కబుర్లలో సంవత్సరం పట్టుకునే చిట్కా

ఇంట్లో పెద్దవాళ్లు పాత సంగతులు ఎన్నైనా చెప్తారు గానీ, ఏ సంవత్సరం అని అడిగితే మాత్రం "ఏమో నాన్నా, గుర్తులేదు" అంటారు. అక్కడితో ఆ సంగతి ఎప్పటిదో తేలకుండా పోతుంది.

అందుకని సంవత్సరం అడగడం మానేసి, ఊరంతా గుర్తుపెట్టుకున్న దాన్ని పట్టుకుని ముందా తర్వాతా అని అడగండి. ఒక కాగితం మీద గోదావరి పుష్కరాలు 1979, 1991, 2003, కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, దివిసీమ ఉప్పెన 1977, గోదావరి వరద 1986, కోనసీమ తుఫాను 1996 అని వరుసగా రాసుకోండి, మీ వైపు జరిగినవి కూడా చేర్చుకోండి. "ఉప్పెన నాటికి ఈ ఇల్లు కట్టారా?" అంటే చాలు, "అప్పటికింకా తాటాకిల్లే, మీ మావయ్య చంకలో పిల్లాడు" అని వాళ్లే చెప్పుకొస్తారు, ఒక్క జవాబులో ఇల్లూ, మావయ్య వయసూ రెండూ దొరుకుతాయి. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేస్తున్నానని ముందే చెప్పి పెట్టుకుంటే ఇంకా మంచిది.

పాత పత్రాల్లో తెలుగు సంవత్సరం పేరుంటే ఇంకా తేలిక. అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చే ఆ పేర్లలో మొదటిదైన ప్రభవ 1987లో మొదలైంది, అంతకుముందుది 1927లో, అక్కడి నుంచి లెక్కపెట్టుకోవడమే.

ఒక్క జాగ్రత్త. తెలుగు సంవత్సరం ఉగాదికి మారుతుంది కాబట్టి రుధిరోద్గారి 1923 అయినా, ఆ ఏడు మాఘమాసంలో పుట్టినవాళ్లది 1924 అవుతుంది. అలాగే పుష్కరాలు పన్నెండేళ్లకోసారి వస్తాయి, పెద్దవాళ్లు ఒకదాన్ని ఇంకోదానితో కలిపేస్తుంటారు, అప్పుడు పిల్లల్లో ఎవరు పుట్టారో, ఎవరి పెళ్లయిందో కూడా అడిగి సరిచూసుకోండి.